దుఖాన్ గుట్ట మీద నర్సింలు

బహ్రెయిన్ మొత్తానికీ చెప్పుకోదగ్గ గుట్ట ఒకటుంది, జబల్ దుఖాన్. దాన్ని కొండ అన్నామంటే అసలు కొండలు మన మీద కేసు పెడతాయి. సెలవు రోజున అరబ్బు పిల్లలు చెప్పులేసుకుని, చేతిలో చిప్స్ పొట్లాలు పట్టుకుని ఎక్కి దిగే గుట్ట అది. అలాంటి గుట్ట ఎక్కి, దిగలేక, సిత్రా లేబర్ క్యాంపు నర్సింలు తెల్లారేదాకా పైనే ఉండిపోయాడంటే ఎవరికైనా నవ్వొస్తుంది. నవ్వండి, తప్పులేదు. కాకపోతే అతనెవరో తెలుసుకుని నవ్వండి.

నర్సింలుది మెట్‌పల్లి దగ్గర పల్లె. కల్లుగీత ఇల్లు. మోకు అంటే తెలుసు కదా, చెట్టునూ మనిషినీ కలిపి చుట్టే తాడు. ఆ మోకు వేసుకుని తండ్రి తాటిచెట్టు ఎక్కుతుంటే కింద నిలబడి మెడ నొప్పి పుట్టేదాకా చూసిన పిల్లవాడు, మీసాలొచ్చేసరికి తనే ఎక్కడం మొదలుపెట్టాడు. తరవాత ఊళ్లో చెట్లు తగ్గిపోయాయి, పెళ్లయింది, ఏజెంటు దొరికాడు. ఊళ్లోవాళ్ల లెక్కలో నర్సింలు దుబాయి పోయాడు. విమానం మాత్రం బహ్రెయిన్‌లో దిగింది.

సిత్రాలో అతనికి దొరికింది స్కాఫోల్డింగ్ పని. పెద్ద పెద్ద నూనె ట్యాంకుల చుట్టూ ఇనప పైపులతో మంచె కట్టే పని అది. వెల్డర్లు, పెయింటర్లు తరవాత వచ్చి ఆ మంచె మీద దర్జాగా నిలబడతారు. కట్టేవాడికి మాత్రం పట్టుకోవడానికి ఏమీ ఉండదు, తను కట్టిందే తనకు పట్టు. మొదటిరోజు నడుముకు సేఫ్టీ బెల్టు బిగిస్తుంటే నర్సింలుకు నవ్వొచ్చిందట. "గిది మా నాయిన మోకే గదా!" అన్నాడట. అన్నవాడు అన్నట్టే పైకి పాకిపోయాడు. కింద నిలబడి చూస్తున్న ఫోర్‌మన్ గంగన్న, నిర్మల్ దిక్కు మనిషి, అక్కడికక్కడే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "ఇగ వీడు నా మనిషి" అనేశాడు.

అప్పటినుంచీ అన్ని ఏళ్లూ గంగన్న మనిషే. ఎక్కడ ఎత్తు ఎక్కువుంటే అక్కడికి నర్సింలు. ఎక్కడ గాలి ఎక్కువుంటే అక్కడికి నర్సింలు. ఒకే గదిలో పడుకునేవాళ్లు, ఒకే కుక్కర్లో వండుకునేవాళ్లు. అదే గదిలో సిరిసిల్ల లక్ష్మణ్ ఉండేవాడు, నోరు మూతపడని మనిషి. వీళ్లు ముగ్గురూ పైన ఉంటే కిందివాళ్లకు రేడియో అక్కర్లేదు.

ఇక అసలు సంగతి. పోయిన ఎండాకాలం చివర్లో, ఒంట్లో నీరంతా చెమటై కారే రోజుల్లో, ట్యాంకు పైవరసలో నర్సింలు కాలుపెట్టిన చెక్క ఒకటి పక్కకు జారింది. జారిందో, తనే తొందరపడ్డాడో ఇప్పటికీ తెలీదు. బెల్టు పట్టి ఆపింది. గాల్లో వేలాడుతూ ఉండిపోయాడు. గంగన్న, లక్ష్మణ్ పైనుంచి లాగి తీసుకొచ్చేదాకా అట్లాగే ఉన్నాడు. ఒంటి మీద చిన్న గీత కూడా పడలేదు. డాక్టరు చూసి "ఫిట్" అన్నాడు. అందరూ నర్సింలు అదృష్టం మంచిదన్నారు, స్వీట్లు కూడా పంచారు.

మర్నాడు నిచ్చెన దగ్గరకొచ్చి పైకి చూశాడు నర్సింలు. రెండు మెట్లెక్కాడు. అంతే సంగతులు. చేతులు ఇనుమును పట్టుకున్నాయి, మరి వదలలేదు. బుద్ధి చెబుతోంది, వదిలి పైమెట్టు పట్టుకోమని. చేతులు వింటేనా? ఒళ్లంతా ముచ్చెమటలు. గంగన్న వచ్చి ఒక్కొక్క వేలూ విడిపించి కిందికి దించాడు. "ఎండదెబ్బ" అని అందరికీ చెప్పాడు.

ఎండలు పోయాయి, చలి వచ్చింది, ఆ దెబ్బ మాత్రం పోలేదు. నర్సింలు కిందే ఉండి పైపులు అందించేవాడు, క్లాంపులు ఏరేవాడు. అతని వంతు ఎక్కే పని గంగన్న, లక్ష్మణ్ పంచుకున్నారు. పైనున్న సూపర్‌వైజరుకు ఎవరూ చెప్పలేదు. ఎప్పుడైనా అతను ఇటు వస్తే, "ఇప్పుడే దిగిండు సార్, నీళ్లు తాగ" అనేవాడు లక్ష్మణ్, కళ్లు ఆర్పకుండా. మంచి మనుషులే, కాదనం. కానీ నర్సింలుకు ఆ మంచితనమే ముల్లులా గుచ్చుకునేది. తిండి తింటుంటే, ఈ ముద్ద వాళ్ల చెమటది అనిపించేది. ఎక్కడం తప్ప వేరే ఏదీ రాని మనిషి ఎక్కలేకపోతే ఇంకేం మిగిలింది? ఎవరితో చెప్పుకుంటాడు? ఇంటి దగ్గర పసుపు చేను చూసుకుంటూ, బీడీలు చుట్టుకుంటూ ఉన్న భార్య జమునతో కూడా చెప్పలేదు.

కొత్త సంవత్సరం రాగానే షట్‌డౌన్ అన్నారు. ప్లాంటు మొత్తం ఆపేసి మరమ్మతులు చేసే పని, ఒక్క మనిషి కూడా ఖాళీగా కింద నిలబడటానికి లేదు. ఆదివారం మొదలు. దానికి ముందు శుక్రవారం, శనివారం రెండు రోజులూ సెలవిచ్చారు, ఊపిరి పీల్చుకోమని. గంగన్న నర్సింలును క్యాంపు వెనక గోడ దగ్గరికి పిలిచాడు.

"తమ్మీ, ఇగ నాతోని దాసిపెట్టుడు కాదు. పైకెక్కెటోళ్ల పేర్లు శనివారం మాపటికల్లా చెప్పుమన్నడు సూపర్‌వైజరు. ఎక్కనోనికి టికెట్ ఇచ్చి ఇంటికి తోలుతరట. నీ పేరు చెప్పాల్నా, వద్దా?"

నర్సింలు నేల చూశాడు. "ఏమో అన్నా."

"ఏమో అంటే నడవదిరా. పేరు చెప్పినంక పైకెక్కి నువ్వు గట్లనే బిగుసుకపోతే నువ్వు ఖలాస్, నీ పక్కపొంటి ఉన్నోడు ఖలాస్."

ఆ మాట నిజమే.

సరిగ్గా ఆ సాయంత్రమే లక్ష్మణ్ ఫోను పట్టుకుని గదిలోకి ఎగురుకుంటూ వచ్చాడు. కంపెనీ సేఫ్టీ ఆఫీసరు శ్రీనివాసరాజు, భీమవరం కుర్రాడు, స్నేహితులతో కలిసి జార్జియా పోయాడట. పోయిన వారం గురువారం డ్యూటీ అయ్యాక విమానం ఎక్కి, మంచుకొండ మీదికి పోయి, మంచులోనే డేరాలు వేసుకుని పడుకున్నారట. ఫోటోలు పెట్టాడు. మోకాళ్లదాకా మంచు, నడుములకు తాళ్లు, ముక్కులు మాత్రమే కనపడే టోపీలు, ఎర్ర డేరాలు.

"సూడుర్రి సూడుర్రి! వీళ్లు పైసలిచ్చి మరీ నడుముకు తాడు కట్టుకొని ఎక్కుతున్నరు. మనకేమో జీతమిచ్చి ఎక్కిస్తున్నరు. ఎవలు తెలివిగలోళ్లో చెప్పుర్రి!" అన్నాడు లక్ష్మణ్.

గది గదంతా నవ్వింది. గంగన్న మాత్రం నవ్వకుండా ఫోటోలు ఒక్కొక్కటీ తిప్పి చూశాడు. చూసి, "మనం గూడ పోదాం" అన్నాడు.

"యాడికి, జార్జియాకా?"

"దుఖాన్ గుట్టకు. మంచు లేకపోతే లేకపాయె. గుట్టయితే ఉన్నది, సలి ఉన్నది. జగ్గారావుకు ఫోన్ కొట్టు."

జగ్గారావు అంటే రాజోలు మనిషి, ఒక బహ్రెయినీ ఇంట్లో డ్రైవరూ వంటవాడూ అన్నీ తనే. చలికాలంలో ఇక్కడివాళ్లు సఖీర్ ఎడారిలో డేరాలు వేసుకుంటారు. ఇంటిల్లిపాదీ వారాంతం అక్కడికి పోయి, మంటలు వేసుకుని, మాంసం కాల్చుకుని, పిల్లలను ఇసకలోకి వదిలేస్తారు. జగ్గారావు కఫీల్ అంటే అతనికి వీసా ఇచ్చిన ఆ ఇంటి ముసలాయన. ఆయన డేరా ఆ గుట్టకు దగ్గర్లోనే ఉంది, కఫీల్‌ కుటుంబం ఆ వారం రావటంలేదు. ముసలాయన్ను అడిగితే, "మీవాళ్లను తెచ్చుకో, శుభ్రంగా ఉంచు" అన్నాడట.

"రండి రండి, గంగన్నగారూ! కోడికూర నేనొండుతానండి. మీరు ఆకలి తెచ్చుకోండి చాలండి!" అన్నాడు జగ్గారావు ఫోన్లో.

నర్సింలు రానన్నాడు. తల నొప్పన్నాడు, బట్టలు ఉతుక్కోవాలన్నాడు. గంగన్న అతని దుప్పటి మడిచి సంచిలో పెట్టేశాడు. ఇంకేం చేస్తాడు, శుక్రవారం మధ్యాహ్నం జగ్గారావు పికప్ వెనకాల కూచున్నాడు.

దారిపొడుగునా పైపులైన్లు, తలలూపే నూనె పంపులు, ఆ మధ్య మధ్యలో కుటుంబాల డేరాలు. కఫీల్ డేరా దగ్గర సామాను దించారు. పొయ్యి రాజేసే పనిలో జగ్గారావు పడ్డాడు. "యల్లా! నడువుర్రి!" అని లక్ష్మణ్ ముందు నడిచాడు. గంగన్న నర్సింలు భుజం మీద చెయ్యి వేసి, "గుట్టే గదరా. పోదాం పా" అన్నాడు.

గంగన్న ఎందుకు తెచ్చాడో నర్సింలుకు అప్పటికే అర్థమైంది. ఈ గుట్టే తనకు పరీక్ష. ఎక్కితే పేరు చెబుతాడు. ఎక్కకపోతే టికెట్. కోపం రావాల్సింది, కానీ రాలేదు. ఇంత తంటాలు పడి ఒక మనిషిని నిలబెట్టుకోవాలని చూసేవాళ్లు ఎంతమంది ఉంటారు?

ఎక్కడం, చిత్రం, బాగానే సాగింది. గంగన్న మడమలకేసి చూస్తూ ఎక్కాడు. రాళ్లు కాళ్ల కింద జారుతున్నా గుండె జారలేదు. పైన చివర్లో గోడలాంటి రాతివరస ఒకటుంది, మనిషెత్తుకు కాస్త ఎక్కువ. దానిమీద చేతులు ఆనించి పైకి లాక్కోవాలి. చిన్నప్పటి అలవాటు చేతులకు గుర్తొచ్చినట్టుంది, నర్సింలు ఒక్క ఊపులో పైకెక్కాడు. లక్ష్మణ్ ఈల వేశాడు. "వారెవ్వా! కల్లు గీసెటోని కొడుకు లేసిండు!" అన్నాడు. గంగన్న ముఖం వెలిగిపోయింది. నర్సింలుకు కూడా, ఏళ్ల తరవాత దొరికిన చుట్టాన్ని చూసినంత సంబరం.

అప్పుడు వెనక్కి తిరిగి కిందికి చూశాడు. చూడకపోయినా బాగుండేది.

నాలుగు దిక్కులా చదునైన ఎడారి, అడ్డం లేదు ఆపు లేదు. కింద జగ్గారావు చీమంత ఉన్నాడు. గాలి ఒక్కసారి చొక్కాలోకి దూరింది. అంతే, నర్సింలు ఒక బండను కౌగిలించుకుని కూలబడ్డాడు. కళ్లు మూసుకున్నాడు. కళ్లు మూసుకుంటే జారిన చెక్క కనపడింది, కాళ్ల కింద ఏమీ లేకపోవటం కనపడింది.

"తమ్మీ, లే. నేనున్న" అన్నాడు గంగన్న.

"నాతోని కాదన్నా."

"నేను ముంగట దిగుత. నా భుజం మీద కాలు పెట్టు."

"కాదన్నా, కాదు. బుగులైతంది. మీరు పోండ్రి."

లక్ష్మణ్ ఒక జోకు వేయబోయి సగంలో మింగేశాడు. ఎన్ని విధాల బతిమాలినా నర్సింలు భయంతో బండను వదల్లేదు. ఒక పక్క పొద్దు వాలుతోంది. కింది నుంచి అరబ్బు కుటుంబం ఒకటి, చంకలో పసిపిల్లతో సహా, ఎక్కొచ్చి, ఫోటోలు తీసుకుని, సలాం చెప్పి దిగిపోయింది. అది చూసి నర్సింలు తలను మోకాళ్ల మధ్య పెట్టుకున్నాడు. సిగ్గుతో చచ్చిపోతే బాగుండునని నిజంగానే అనుకున్నాడు.

"ఏవండోయ్! దిగరేటండీ? కూర సల్లారిపోతందండీ!" కింది నుంచి జగ్గారావు కేక.

లక్ష్మణ్ దిగిపోయి సంగతి చెప్పాడు. జగ్గారావు కాసేపు గుట్టకేసి చూసి, బొజ్జ గోక్కున్నాడట. "ఆయన దిగలేకపోతే మనవే ఎక్కుదావండి. దానికింత ఆలోచనేటండీ?" అన్నాడట.

తరవాత పైనున్న ఇద్దరికీ కనపడిన ఊరేగింపు ఇది. ముందు లక్ష్మణ్, వీపు మీద నీలం టార్పాలిన్, చంకలో దుప్పట్లు, మెడకు నీళ్ల క్యాను. వెనకాల జగ్గారావు, నెత్తి మీద చుట్టకుదురు, దాని మీద కూర గిన్నె, చేతిలో అన్నం డబ్బా. నాలుగడుగులకొకసారి ఆగి ఆయాసపడుతూ, "రావయ్యా రా! నా మోకాళ్లు మూలబడి ఏడాదయ్యిందండి, ఈ దెబ్బతో పూర్తయిపోతాయండి!" అని ఎవర్నో తిడుతూ వచ్చాడు. చివరి రాతివరస దగ్గర గిన్నెను గంగన్న పైకి అందుకున్నాడు, జగ్గారావును లక్ష్మణ్ వెనక నుంచి తోశాడు. పైకొచ్చిన జగ్గారావు కాసేపు బోర్లా పడుకుని ఊపిరి తీసుకుని, లేచి మొట్టమొదట నర్సింలు దగ్గరికి పోయి, "కారం ఎక్కువైంది బాబూ, ఏవనుకోకు" అన్నాడు.

ఎందుకు దిగలేదని అడగలేదు. ఎవరూ అడగలేదు. ఆ అడగకపోవటానికే నర్సింలుకు కళ్లలో నీళ్లు తిరిగాయి. కారం వల్ల అన్నట్టు ముక్కు తుడుచుకుంటూ తిన్నాడు.

టార్పాలిన్ నాలుగు మూలలా రాళ్లు పెట్టి డేరా అనిపించారు. ఒక మూల బిగిస్తే ఇంకో మూల లేచేది. శ్రీనివాసరాజు మంచు డేరా ఫోటోలాగే ఒక ఫోటో తీయాలని లక్ష్మణ్ పట్టుబట్టాడు. కోతిటోపీలు పెట్టుకుని, ముక్కులు మాత్రమే కనిపించేట్టు దుప్పట్లు కప్పుకుని నలుగురూ ఫోటో దిగారు. చలి మాత్రం మంచుకొండ చలికేమీ తీసిపోలేదు, దంతాలు కటకటలాడాయి. పడుకునే ముందు గంగన్న, ఏమీ ఎరగనట్టు, తన దుప్పటి తీసుకుపోయి గుట్ట అంచు వైపు వేసుకున్నాడు. నర్సింలు ఎటు తిరిగినా అంచు కనపడకుండా గంగన్న వీపే కనపడింది. ఆ వీపును చూస్తూనే నిద్రపోయాడు.

తెల్లవారింది. లక్ష్మణ్, జగ్గారావు టీ కాయటానికి కిందికి పోయారు. ఎండ ఇంకా పలచగానే ఉంది. అప్పుడు నర్సింలు ఫోను మోగింది, జమున వీడియో కాల్. గంగన్న పక్కనే కూచుని దుప్పట్లు మడుస్తున్నాడు.

జమున ఒళ్లో బీడీల చాట ఉంది, చేతులు వాటంతటవే ఆకు చుడుతున్నాయి. "గాలి సప్పుడైతంది, యాడున్నవ్?" అంది.

"రూమ్ల" అన్నాడు నర్సింలు. వెనకాల ఆకాశం తప్ప ఏమీ లేదు. అబద్ధం ఆడటానికి కూడా కొంచెం చోటు చూసుకోవాలి పాపం, అంత తెలివి ఆ పొద్దున లేదు.

జమున చేతులు ఆగాయి. "సూడు, నాతోని అబద్ధాలొద్దు. ఏమైందో చెప్పు."

"ఏం కాలే."

"ఎండకాలం పోయినకాంచి సూస్తున్న. అంతకు ముందు ఫోన్ జేస్తే, గియ్యాల గింత ఎత్తెక్కిన, సముద్రం గట్ల కనవడ్డది, పడవలు గిట్ల పోయినయ్ అని ఒక్కతీరుగ చెప్తుంటివి. ఇనలేక సచ్చేదాన్ని. గప్పటి సంది ఒక్కనాడు సముద్రం ముచ్చట తియ్యలే. ఏం కూర వండినమో అదే చెప్తున్నవ్. గన్నొద్దుల సంది కూరలే వింటున్న. నాకు తెల్వదా?"

తనకూ తెలియని తన అలవాటు ఆమెకు తెలుసు. తను దాచానని అనుకున్న కాలమంతా ఆమె అక్కడ బీడీలు చుట్టుకుంటూ, అడగకుండా, చెబుతాడేమోనని ఎదురుచూస్తూ కూచుందా?

అప్పుడు చెప్పాడు. జారిన చెక్క, వదలని చేతులు, పంచుకున్న పని, గుట్ట, టికెట్, అన్నీ చెప్పాడు. చెబుతూ వెక్కి వెక్కి ఏడ్చాడు. గంగన్న దుప్పటి మడవటం ఆపి అటు తిరిగి కూచున్నాడు.

జమున అంతా విన్నది. ఆమె కూడా కొంగుతో కళ్లు తుడుచుకున్నది. తుడుచుకుని, "గింతదానికా?" అంది. "మామ గూడ ఒకనాడు మోకు గోడకు తగిలేసి, ఇగ ఎక్కనన్నడు. ఎవలన్న ఏమన్నరా? అన్నం పెట్టలేదా మనం? నీకు ఎక్కబుద్ధయితే ఎక్కు. బుగులైతే ఒద్దు. రా. చేన్ల మనుషులు దొరుకుతలేరు, పసుపు తవ్వేందుకు. రా."

"ఊళ్లె ఏమనుకుంటరు?"

"అనుకోనీ. నువ్వు పడ్డవని ఫోనొస్తే ఊరు ఏడుస్తదా, నేను ఏడుస్తనా? పైలంగ దిగు ముందుగాల. దిగినంక ఫోన్ జెయ్."

ఫోను పెట్టేసి నర్సింలు ముఖం తుడుచుకున్నాడు. ఏడ్చిన కళ్లకు ఎండ చురుక్కుమంటోంది. గుండె మీద నుంచి ఏదో బరువు దిగింది. భయం మాత్రం దిగలేదు, అది అక్కడే ఉంది. కానీ ఇప్పుడు ఎక్కాల్సింది ఏమీ లేదు, ఒక్కసారి దిగితే చాలు.

"అన్నా, నా పేరు చెప్పకు" అన్నాడు.

గంగన్న తలూపాడు. "చెప్పను."

"నీ నమ్మకం పోగొట్టిన."

"సప్పుడు జెయ్యకు. దిగుతవా, నేను ముంగట పోవాల్నా?"

"నేనే దిగుత."

రాతి వైపు ముఖం పెట్టి, కడుపు బండకు ఆనించి, కాలు కిందికి జార్చాడు. కాలికి ఏమీ తగల్లేదు. వెనక్కి వచ్చేద్దామనుకున్నాడు. మళ్లీ జార్చాడు, బొటనవేలికి రాయి తగిలింది. రామా కృష్ణా అనుకుంటూనే దిగాడు. రాతివరస దాటాక మిగిలింది వాలు, అక్కడక్కడా కూచుని జరిగాడు. కింద లక్ష్మణ్ పరిగెత్తుకొచ్చి రెండు చేతులతో ఎత్తి గిరగిరా తిప్పాడు. జగ్గారావు టీ గ్లాసు చేతికిచ్చి, "తాగండి ముందు, వేడిగా ఉంది" అన్నాడు.

అప్పుడు చూస్తే గంగన్న రాలేదు. పైన గుట్ట అంచున, కాళ్లు కిందికి వేలాడేసి కూచున్నాడు. నిలబెట్టుకుందామనుకున్న మనిషి పోతున్నాడని కోపమొచ్చిందేమో అనుకున్నాడు నర్సింలు. టీ గ్లాసు జగ్గారావు చేతిలో పెట్టి, వెనక్కి చూడకుండా, వాలు మీదుగా రాతివరస కిందిదాకా మళ్లీ నడిచాడు.

"కోపమొచ్చిందా, అన్నా?"

"కోపమెందుకురా." గంగన్న దూరంగా ఎటో చూస్తున్నాడు. "నాకు గూడ బుగులేరా తమ్మీ. దినాం పొద్దుగాల నిచ్చెన మీద కాలు పెట్టంగనే బుగులే. మీ అందరికి పెద్దోన్ని గదా, ఎట్ల చెప్త?"

నర్సింలు రాతివరసకు ఇంకా దగ్గరగా జరిగాడు.

"మీ వదిన ఉన్నప్పుడు మాపటికి ఫోన్ జేసి ఒక్క మాట అడుగుతుండె. దిగినవా? అని. తిన్నవా, పన్నవా, గవన్ని తర్వాత. ముందు దిగినవా. దిగిన అంటేనే ఆమె అన్నం తింటుండె." గంగన్న కోతిటోపీ తీసి ముఖం తుడుచుకున్నాడు. "ఇప్పుడు దిగినా, దిగకపోయినా అడిగేటోళ్లు లేరు. జమున మాటలు వింటుంటే అదే యాదికొచ్చింది. పోరా, నువ్వు ఛాయ్ తాగు. నేనొస్త."

గంగన్న భార్య పోచవ్వ కరోనా కాలంలో పోయింది. విమానాలు లేక అతను చివరి చూపుకు కూడా పోలేకపోయాడు. ఆ సంగతి గదిలో అందరికీ తెలుసు. ఈ భయం సంగతి మాత్రం ఎవరికీ తెలీదు. నర్సింలు భయాన్ని మోసిన మనిషి తన భయాన్ని ఎవరికిచ్చి మోయించుకోవాలి? ఇన్ని నెలలుగా నర్సింలు తన ఒక్కడి గురించే ఆలోచించాడు.

రాతి మీద చెయ్యి వేసి పైకి చూశాడు నర్సింలు. ఎక్కలేడు, అది అయిపోయింది. రెండు చేతులూ పైకి చాపాడు.

"అన్నా, నేను ఊరికి పోయినంక దినాం మాపటికి ఫోన్ జేస్త. దిగినవా అని అడుగుత. రా ఇగ."

గంగన్న కిందికి చూశాడు. ఆ చేతులకేసి చాలాసేపు చూశాడు. తరవాత రాతికేసి తిరిగి, కాలు కిందికి జార్చాడు. నర్సింలు ఆ పాదాన్ని అరచేత్తో పట్టుకుని రాతి మీద పెట్టాడు, తరవాత రెండోదాన్ని.

షట్‌డౌన్ ఆదివారం మొదలైంది, నర్సింలు లేకుండానే. పత్రాలవీ అయ్యాక విమానం ఎక్కాడు. ఇప్పుడు అతను మెట్‌పల్లి దగ్గర పల్లెలో ఉన్నాడు. పసుపు తవ్వాడు, ఉడకబెట్టాడు, ఎండబోశాడు. ఊళ్లో ఎవరో ఏదో అన్నారు, కొన్నాళ్లకు మానేశారు. రోజూ చీకటి పడే వేళకు, అక్కడ సిత్రాలో డ్యూటీ బస్సు క్యాంపు చేరే సమయానికి, అరుగు మీద కూచుని ఫోను కలుపుతాడు. జమున లోపల కంచాలు పెట్టి పిలుస్తూ ఉంటుంది. బస్సు ఆలస్యమైతే అక్కడ ఫోను ఎత్తరు, ఇక్కడ నర్సింలు లేవడు.

"దిగినవా, అన్నా?"

"దిగిన తమ్మీ."

ఆ మాట చెవిన పడ్డాకే నర్సింలు కాళ్లు కడుక్కుని భోజనానికి కూచుంటాడు.